గోనెపట్టా కింద 24 ఏళ్లున్న హెరాల్డ్ ఇంజన్: నాలుగేళ్లు నడిపాక

ముందు ఆ గుడ్డసంచి సంగతి చెప్పాలి. ఈ ఇంజన్ కొన్నందుకు ఇవాళ్టికీ నాకున్న సంతోషమంతా ఆ సంచిలోంచే వచ్చింది.

మా నాన్న స్టాండర్డ్ హెరాల్డ్ 1968 మోడల్. 2021 మొదట్లో ఇంజన్ బ్లాకు పగిలింది. రెండుసార్లు వెల్డింగ్ పెట్టించాం, నిలవలేదు. ఈ బండి తయారైంది ఇక్కడే, మన వండలూరు పక్కన. అయినా చెన్నైలో 948 సీసీ ఇంజన్ కోసం ఆరు నెలలు తిరిగాను. పాత బండ్ల సామాన్లమ్మే పుదుపేటలో చూపించినవన్నీ విప్పి పీక్కున్నవే. చివరికి అంబత్తూరులో ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒకటి ఉందని తెలిసింది. రీబిల్డ్ చేయించిన ఇంజన్, బండిలోకి ఎక్కించక ముందే యజమాని పోయారట. చెక్క దిమ్మెల మీద పెట్టి, పైన గోనెపట్టాలు కప్పి ఉంది. వాళ్లబ్బాయికి ఆ ఇంజన్ గురించి తెలిసింది ఒక్కటే, దాన్ని ఎవరూ కదిలించలేదని. 45,000 చెప్పాడు.

మా మేస్త్రిని వెంట తీసుకెళ్లాను. గూడూరు మనిషి, చిన్నప్పుడే మద్రాసు వచ్చి పుదుపేటలోనే పని నేర్చుకున్నాడు. క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ వేసి తిప్పితే ఒక పావు చుట్టు తిరిగి ఆగింది. గట్టిగా లాగితే స్ప్రింగులాగా వెనక్కి తోసింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆ అబ్బాయి కూడా జామయిందనుకుని, "32,000కి తీసుకెళ్లండి అన్నా" అన్నాడు. మేస్త్రి ఏమీ మాట్లాడకుండా స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి మళ్లీ తిప్పాడు. మెత్తగా, ఎక్కడా పట్టుకోకుండా రెండు చుట్లు తిరిగింది.

"జామూ కాదు ఏమీ కాదు. గాలి పోయేదానికి దారి లేదు సామీ. ఒక్క వాల్వు కూడా తెరుచుకోవడం లే" అన్నాడు.

పైన రాకర్ కవర్ తీస్తే, వాల్వుల్ని నొక్కి తెరిచే రాకర్ షాఫ్టే లేదు. ఎనిమిది వాల్వు స్ప్రింగులూ ఒకే ఎత్తున నిలబడి ఉన్నాయి, అంతే. పని సగంలో వదిలేసిన ఇంజన్ అంటగడుతున్నారని నాకు చిర్రెత్తుకొచ్చింది. అప్పుడు మేస్త్రి ఇంజన్ ఎత్తే కొక్కేనికి కట్టి ఉన్న సంచి విప్పాడు. లోపల గ్రీజు పూసిన కాగితంలో చుట్టిన రాకర్ షాఫ్టు. ఒక్కోదానికి ఒక్కో అట్టముక్క కట్టి, 1 నుంచి 8 దాకా నంబర్లు వేసిన, రాకర్లను కింది నుంచి తోసే పుష్‌రాడ్లు. ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన ఒక చీటీ, తమిళంలో, పెన్సిల్‌తో: "బోరు +20. క్రాంక్ −10. బోర్లలో నూనె పోశాను. రాకర్ విడిగా ఉంచాను. నీళ్లు తీశాను. 12-3-97." (బోరంటే పిస్టన్ ఆడే గొట్టం. దాన్ని 20 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు 20, పెద్దది చేశారని, క్రాంక్‌ను 10 థౌ అరగదీశారని ఆ అంకెల అర్థం.)

అది చదివి మేస్త్రి కాసేపు ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయాడు.

చీటీ రాసిన పనివాడు రాకర్ షాఫ్టు ఎందుకు తీసి ఉంచాడో అర్థమయ్యాక నేనూ అంతే. ఇంజన్‌ను ఎక్కడ ఆపినా ఏదో ఒక వాల్వు తెరుచుకునే ఉంటుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఆ స్ప్రింగు నొక్కుకుపోయి బలం తగ్గుతుంది. అది చిన్న నష్టం. పెద్ద నష్టం గాలి. ఆ తెరుచుకున్న దారిన మన సముద్రపు గాలి తేమ నేరుగా బోర్లోకి పోతుంది. పిస్టన్ రింగులు ఆగిన చోట తుప్పు గీత పడుతుంది, రింగులు గాడిలో బిగుసుకుంటాయి. బయటికి మాత్రం కొత్త పెయింటుతో ఇంజన్ మెరుస్తూ ఉంటుంది. రాకర్ షాఫ్టు తీసేస్తే ఎనిమిది వాల్వులూ మూసుకుంటాయి, నాలుగు బోర్లూ మూత బిగించిన సీసాల్లాగా ఉంటాయి. ఈ ఇంజన్ వెంటనే నడవబోవడం లేదని ఆ పనివాడికి తెలుసు. తను చూడని మనిషి ఎవరో ఎప్పుడో దీన్ని విప్పుతాడని ఆలోచించి చేశాడు. అతని పేరు ఆ చీటీ మీద లేదు. ఆ అబ్బాయికీ తెలియదు. ఎంత అడిగినా తెలియలేదు, అది నాకు ఇప్పటికీ కొరతగానే ఉంది.

జామ్ కాలేదని మేస్త్రి ఆ అబ్బాయికి తిప్పి చూపించాడు. 40,000కి తెగింది.

ఇక బిగించిన కథ ఎక్కువ చెప్పను. సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించితే బేరింగు పట్టాలు వేసేటప్పుడు పూసిన గ్రీజు మైనంలాగా గట్టిపడి ఉంది, అది ఆయిల్ దారుల్లో అడ్డుపడకుండా అంతా కడిగాం. బేరింగు పట్టాలు విప్పి చూశాం, బాగున్నాయి. ఆయిల్ సీళ్లు, కార్కు గ్యాస్కెట్లు వేలితో నొక్కితే విరిగాయి, అన్నీ మార్చాం. నిలవ ఇంజన్ కొనేవాళ్లు ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. ఒక్క పని మాత్రం తప్పనిసరిగా చేయించండి. స్టార్ట్ చేయకముందే ఆయిల్ ఎక్కించాలి. ఈ ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్ని తిప్పే షాఫ్టే కింద ఆయిల్ పంపునూ తిప్పుతుంది. మేస్త్రి దాన్ని పైకి తీసి, ఒక కడ్డీ కొన చెక్కి, డ్రిల్లు మిషన్‌కు తగిలించి పంపు తిప్పాడు. హెరాల్డ్‌లో ఆయిల్‌కు దీపమే కానీ ముల్లు ఉండదు, అందుకని తాత్కాలికంగా ఒక గేజు పెట్టాం. మొదట ఏమీ లేదు, తర్వాత ముల్లు కదిలింది. పైన రాకర్ల దగ్గర నూనె ఊరడం కళ్లతో చూశాకే స్టార్టర్ వేశాం.

మొదటి ఏడాది నేను ఈ ఇంజన్ని మెచ్చుకోని రోజు లేదు. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పటి ఒత్తిడి) 120, 125 psi మధ్య. నాన్న ఉన్నప్పుడు కూడా ఈ బండి అంత నిమ్మళంగా నిలబడి తిరగడం నేను వినలేదు. పెరంబూరు నుంచి ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి మహాబలిపురం దాకా పోయి వచ్చేవాణ్ని.

తర్వాత తడ దగ్గర జరిగింది చెప్పాలి.

2023 ఎండాకాలం. అమ్మ సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి నాన్న బండిలోనే పోదామంది. గుమ్మిడిపూండి దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. నేను విడిగా పెట్టించిన టెంపరేచర్ గేజు ముల్లు మెల్లగా పైకి పోవడం మొదలైంది. స్పీడు తగ్గించాను. ఎర్ర గీత దగ్గరికి వచ్చిందనగా ముల్లు ఒక్కసారిగా కిందికి జారింది. చల్లబడింది, పర్వాలేదు అనుకున్నాను. ఇక్కడే నేను పొరబడ్డాను. ఆ గేజు కొన నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్లు పోయి ఖాళీ అయితే ఉత్త ఆవిరిలో ఉండి ముల్లు పడిపోతుంది. పాత బండి నడిపే ప్రతివాళ్లూ ఇది మనసులో పెట్టుకోండి: వేడెక్కుతున్న ఇంజన్‌కు ముల్లు హఠాత్తుగా దిగితే ఆ క్షణమే పక్కకు ఆపాలి.

అమ్మే చెప్పింది. "ఏందో మాడిన వాసనొస్తా ఉందిరా, ఆపు."

ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి. రేడియేటర్ బాగుంది, గొట్టాలు బాగున్నాయి. బ్లాకు పక్కన గుండ్రటి రేకు మూతలుంటాయి చూడండి, వెల్చ్ ప్లగ్గులు, వాటిలో వెనకదాని మధ్యలో పెన్సిల్ మొన అంత చిల్లు. స్క్రూడ్రైవర్ కొనతో తాకితే లోపలికి పోయింది. పైన పెయింటు పొర తప్ప రేకు మిగల్లేదు, లోపలినుంచి తినేసింది.

తడలో లారీలు బాగుచేసే ఒక ముసలాయన వచ్చాడు. హెరాల్డ్ ముందు భాగమంతా ఒక్కటిగా పైకి లేచేసరికి టైరు మీద కూర్చుని పనిచేసుకున్నాడు. కుళ్లిన రేకు గీకేసి, లోహం తెల్లగా మెరిసేదాకా రుద్ది, డబ్బా రేకులోంచి బిళ్ల కత్తిరించి, ఎమ్-సీల్ పెట్టి అతికించాడు. మూడు గంటలు ఆరనిచ్చాం. "మూత బిగించొద్దు నాయనా, సగం తిప్పి వదిలెయ్. ఒత్తిడి కట్టిందంటే ఇది ఊడొస్తది" అన్నాడు. రేడియేటర్ మూత వదులుగా పెట్టి, ఏడెనిమిది చోట్ల ఆగి నీళ్లు పోసుకుంటూ చీకటి పడ్డాక పెరంబూరు చేరాం. అమ్మ గుడికి పోలేకపోయింది. నాకు ఎక్కువ బాధేసింది అందుకే.

"నీళ్లు తీశాను" అని చీటీలో ఉంది కదా, మరి ఇదెలా అని మేస్త్రిని నిలదీశాను. ఇంజన్ దించి చూస్తే తెలిసింది. బ్లాకుకున్న నీళ్ల కుళాయి తెరిచే ఉంది. దాని వెనక రంధ్రం మాత్రం తుప్పుమట్టితో పూడిపోయి ఉంది. రీబిల్డ్ అయ్యాక పరీక్షకు పోసిన నీళ్లలో ముందువైపువి పోయాయి, వెనకవైపు అడుగున కొన్ని నిలిచిపోయాయి. అవి 24 ఏళ్లలో రేకుని లోపలినుంచి తిన్నాయి. కుళాయి తిప్పాడు, నీళ్లు కారాయి, ఆగాయి, అయిపోయాయనుకున్నాడు. నేనైనా అలాగే అనుకునేవాణ్ని. మనం కొనేటప్పుడు ఆ రంధ్రంలో ఒక తీగ పెట్టి పొడిచి చూడాల్సింది. ఇంజన్ కింద ఉండగా వెల్చ్ ప్లగ్గులన్నీ మార్చడం ఒక పూట పని, ఖర్చు కూడా తక్కువే. పెయింటు బాగుందని మేం వదిలేశాం. ఇప్పుడు అన్నీ ఇత్తడివి.

వేడికి హెడ్ (బ్లాకు పైన వాల్వులుండే భాగం) వంగిందేమోనని అది కూడా విప్పాం. హెడ్ ఊడదీశాక బోర్లలోకి టార్చి వేసి చూస్తే, హోనింగ్ చేసిన (బోరు గోడను సానరాయితో రుద్దిన) అడ్డగీతలు, 1997లో పడినవి, నాలుగు బోర్లలోనూ స్పష్టంగా ఉన్నాయి. అప్పటికి 5,000 కి.మీ. పైనే నడిచింది, అంత వేడి తిన్నది. తుప్పు మచ్చ ఒక్కటి కూడా లేదు. ఆ సంచి పుణ్యమే అది.

హెడ్ సంగతి వేరు. పైన కంప్రెషన్ లెక్క రాశాను, అది మొదటి ఏడాదిది. ఈ హెరాల్డ్‌లో వాల్వు గ్యాపు 10 థౌ ఉండాలి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుది మాత్రం ప్రతి 1,500 కి.మీ.కు తగ్గిపోతోంది. ఒకసారి 5కు వచ్చింది. హెడ్ విప్పినప్పుడు చూస్తే ఆ వాల్వు కూర్చునే అంచు అరిగి లోపలికి దిగి ఉంది. ఆ పనివాడు ఈ ఇంజన్ కట్టిన నాటికి బంకుల్లో సీసం కలిసిన పెట్రోలు ఇంకా వాడుకలో ఉంది. ఆ సీసమే వాల్వుకూ అంచుకూ మధ్య మెత్తలాగా పనిచేసేది. దేశమంతటా అది 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. అందువల్ల 2000కు ముందు రీబిల్డ్ అయిన ఏ పాత ఇంజన్ కొన్నా, హెడ్‌లో గట్టి సీట్లు (వాల్వు కూర్చునే చోట గట్టి లోహపు రింగులు) వేశారా లేదా అడగండి. నేను అడగలేదు. ఇప్పుడు వేయించుదామంటే, ఆ చోట నీళ్లదారి దగ్గరగా ఉంది, కోస్తే పగలొచ్చని లేత్ షాపులో భయపెట్టారు. ఇంకో హెడ్ దొరికేదాకా గ్యాపు సరిచేసుకుంటూ, 60, 70 దాటకుండా నడుపుతున్నాను. ఇప్పటి ఇ20 పెట్రోలుకు (20 శాతం ఇథనాల్ కలిపినది) పాత రబ్బర్లు ఆగవు, పంపు డయాఫ్రమ్, పెట్రోలు పైపులు మార్చాను.

కాగితాల గురించి ఒక మాట. ఇంజన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో నంబరు మార్పించాలి. దానికి అమ్మినవాళ్ల నుంచి రాతపూర్వకంగా ఏదో ఒకటి తీసుకోండి. ఆ అబ్బాయి సంతకం పెట్టిచ్చిన కాగితం లేకపోతే నా పని అయ్యేది కాదు. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, వీఏ నంబరు ఇస్తారు. కొత్తగా చేయించాలంటే రుసుం 20,000, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో బండిని రోజువారీగా వాడకూడదు. నేనింకా తీసుకోలేదు, అమ్మని ఆసుపత్రికి కూడా ఇందులోనే తీసుకెళ్తుంటాను.

నిలవ ఇంజన్ కొనొచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు నా పరిస్థితిని బట్టే ఉంటుంది. నా బండి నాలుగేళ్లలో 9,400 కి.మీ. నడిచింది, ఎక్కువగా ఆదివారాలే. మేస్త్రి మా వీధికి పదిహేను నిమిషాల దూరం. వాల్వు గ్యాపు కొలిచే ఫీలర్ గేజు పట్టుకోవడం నాకు వచ్చు. రోజూ ఆఫీసుకు నడిపే మనిషికైతే ఈ ఇంజన్ నేను చెప్పను, ఆ ఒక్క హెడ్ వల్ల. కొన్న 40,000 మీద ఇంకో 35,000 దాకా అయింది. ఇంకొకటి దొరికితే కొంటానా అంటే, రాకర్ కవర్ విప్పి చూడనిస్తే కొంటాను.

పోయిన నెల చెంగాళమ్మ గుడికి మళ్లీ బయల్దేరాం, ఈసారి చేరాం. తడలో ఆగి ఆ ముసలాయనకు ప్రసాదం ఇచ్చి వచ్చాం. పెన్సిల్ చీటీ డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉంది, దాని వెనక ఖాళీ జాగాలో నేను గ్యాపులు రాసుకుంటున్నాను. మొన్న ఆదివారం మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుది 8 వచ్చింది.