కళ్లజోడు మరిచిపోయానన్న అబద్ధం: ఒక శిక్షణ గురించి

డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లలు తరగతిలో లోలోపల ఎంత నలిగిపోతారో ఉపాధ్యాయులకు తెలియజెప్పే ఒకరోజు శిక్షణ అంటే, గత నెల గుంటూరు నుంచి విజయవాడ మొగల్రాజపురం వెళ్లాను. రుసుము 600 రూపాయలు. ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నదాన్ని, నాకు కొత్తగా చెప్పేదేముంటుందన్న ధీమాతోనే కూర్చున్నాను.

ముప్పావు గంట ఆలస్యంగా మొదలుపెట్టి, మొదటి గంటంతా ఉపన్యాసంతోనే సరిపెట్టారు. ఉదాహరణలన్నీ ఇంగ్లిషు అక్షరాలే. మన గుణింతాలతో, ఒత్తులతో పిల్లలు పడే పాట్ల ఊసే లేదు. లేచి వచ్చేద్దామనుకున్నాను.

అప్పుడు తలా ఒక కాగితం పంచారు. తెలుగే, కానీ ఒత్తులు పక్క అక్షరానికి జరిగి ఉన్నాయి. 'మ' ఉండాల్సిన చోట 'య', 'ప' ఉండాల్సిన చోట 'ష'. ఒక్కొక్కరూ లేచి పైకి చదవాలి. శిక్షకురాలు గడియారం చూస్తూ, "తొందరగా కానివ్వండి మేడమ్, ఒకటో తరగతి పాఠమే కదా!" అంటున్నారు. వెనక ఎవరో నవ్వారు. నాకు వచ్చేది ఎన్నో వాక్యమో ముందే లెక్కపెట్టుకున్నాను. అరచేతులు తడిసిపోయాయి. తీరా నా వంతు వచ్చేసరికి, "కళ్లజోడు మరిచిపోయానండీ" అనేశాను. అది నా సంచిలోనే ఉంది.

మా ఏడో తరగతిలో ఒక పిల్లవాడు చదివే వంతు వస్తోందనగానే మంచినీళ్లకు వెళ్తానంటాడు. వద్దంటే పక్కవాణ్ణి గిల్లుతాడు. బయట నిలబెడితే వాడి ముఖంలో కనిపించేది పొగరనుకున్నాను. గండం గడిచిందన్న నిమ్మళమని ఆ రోజు తెలిసింది.

మధ్యాహ్నం పులిహోర బాగుంది, పాఠమే తేలిపోయింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా వస్తుందని, ధ్రువపత్రం ఉంటే సీబీఎస్ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారని గబగబా చదివేశారు. తల్లిదండ్రులకు ఈ మాట ఎలా చెప్పాలని అడిగితే సమయం లేదన్నారు. చదవడానికి కష్టపడే పిల్లల గురించి ఇచ్చిన కరపత్రమేమో చీమ తలకాయంత అక్షరాలతో ఉంది!

అయినా ఐదుకు మూడున్నర వేస్తాను. అందులో మూడు కాగితం చదివించిన అరగంటకే.

ఇప్పుడు తరగతిలో వరసగా లేపి చదివించడం మానేశాను. ఆ పిల్లవాడికి ముందురోజు సాయంత్రమే "రేపు నీవి ఈ మూడు వాక్యాలు" అని గుర్తుపెట్టి ఇస్తున్నాను. నిన్న రెండు చదివాడు. మూడోదాని దగ్గర మంచినీళ్లు అడిగాడు. వెళ్లి రమ్మన్నాను.