ఈయూ ట్రాన్స్‌పరెన్సీ రిజిస్టర్ రివ్యూ: బ్రసెల్స్ పైరవీల పద్దు పుస్తకం ఎంతవరకు పనికొస్తుంది?

మన దగ్గర పైరవీ అంటే చెవిలో చెప్పుకునే మాట. ఎవరు ఎవర్ని కలిశారు, దాని మీద ఎంత ఖర్చు పెట్టారు అని రాసిపెట్టమనే చట్టం భారతదేశంలో ఇప్పటికీ లేదు. యూరోపియన్ యూనియన్ (ఈయూ) సంస్థలు కొలువైన బ్రసెల్స్‌లో అదే పనికి ఒక నంబరు, ఒక ప్రొఫైల్ పేజీ, ఏటా సరిచూసి ఎక్కించాల్సిన ఖర్చు లెక్క ఉంటాయి. ఆ పేజీలన్నీ ఒకచోట పెట్టిన సైటే యూరోపియన్ యూనియన్ ట్రాన్స్‌పరెన్సీ రిజిస్టర్. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, 12 వేలకు పైగా సంస్థలున్నాయి. యూరప్ డిజిటల్ చట్టాల వెనక టెక్ అసోసియేషన్లు ఏం చేస్తున్నాయో చూడాలనుకునే విలేఖరికి, లా విద్యార్థికి, హైదరాబాద్‌లో కూర్చుని యూరప్ క్లయింట్ల కంప్లయన్స్ పనులు చూసేవాళ్లకు ఇదే మొదటి మెట్టు. ఐదుకి మూడు మార్కులివ్వొచ్చు. ఆ మూడూ కూడా చదవడం తెలిసినవాళ్లకే దక్కుతాయి.

యూరోపియన్ పార్లమెంటు, చట్టాల ముసాయిదాలు రాసే యూరోపియన్ కమిషన్ కలిసి 2011లో దీన్ని మొదలుపెట్టాయి. సభ్య దేశాల ప్రభుత్వాలు కూర్చునే కౌన్సిల్ 2021 ఒప్పందంతో వచ్చి చేరింది. చేరి తీరాలని చట్టం చెప్పదు. కాకపోతే పేరు లేనివాళ్లను కమిషన్‌ను నడిపే కమిషనర్లు, దాని శాఖల అధిపతులైన డైరెక్టర్ జనరల్‌లు కలవరు, పార్లమెంటు లోపలికి వెళ్లే బ్యాడ్జి కూడా దొరకదు. అందుకే పని ఉన్నవాళ్లంతా చేరుతున్నారు. తప్పు లెక్క రాస్తే జరిమానా లేదు. పేరు తీసేయడమే పెద్ద శిక్ష.

ఏదైనా టెక్ అసోసియేషన్ పేజీ తెరవండి. డిజిటల్ యూరప్, సీసీఐఏ యూరప్, డాట్ యూరప్, బీఎస్‌ఏ, ఐఏబీ యూరప్, వీటిలో ఏదైనా సరే. ఆఫీసు అడ్రసు, బాధ్యుడి పేరు, సంస్థ ఆశయాల పేరా వరసగా వస్తాయి. ఆ పేరా దగ్గర ఆగకండి. అది వాళ్లు తమ గురించి తాము రాసుకున్న పొగడ్త. కిందికెళ్తే ఏ బిల్లుల మీద పనిచేస్తున్నారో ఉంటుంది. అక్కడ 'డిజిటల్ పాలసీ' అని ఒక్క ముక్క రాసి వదిలేసేవాళ్లూ ఉన్నారు, చట్టాల పేర్లు ఒక్కొక్కటిగా రాసేవాళ్లూ ఉన్నారు. రెండో రకం పేజీలే మీకు పనికొచ్చేవి.

తర్వాత మనుషుల లెక్క. ఒక్కో ఉద్యోగి తన పని సమయంలో ఎంత భాగం దీనికి పెడుతున్నాడో 10, 25, 50, 75, 100 శాతాల్లో చూపాలి. పదిమంది పది శాతం చొప్పున చేస్తే, అది ఒక్క మనిషి పని కింద లెక్క. కాబట్టి తలలు లెక్కపెట్టకండి, పక్కనున్న ఫుల్‌టైమ్ లెక్కనే తీసుకోండి.

అసలు తప్పులు జరిగేది డబ్బు దగ్గర. ఖర్చు కచ్చితమైన అంకెగా ఉండదు, శ్లాబుల్లో ఉంటుంది. కింది శ్లాబులు 10 వేల యూరోల లోపు, 10 నుంచి 25 వేలు, ఇలా చిన్నచిన్నవి. లక్ష నుంచి పది లక్షల వరకు లక్షకో శ్లాబు. పది లక్షలు దాటాక శ్లాబు రెండున్నర లక్షలవుతుంది, పైకి వెళ్లేకొద్దీ ఇంకా వెడల్పు. దీనివల్ల నిరుటికీ ఈ ఏటికీ ఖర్చు బాగా పెరిగినా శ్లాబు మారకపోవచ్చు. అంచు మీదుంటే వెయ్యి యూరోలకే పై శ్లాబులోకి దూకొచ్చు. ఒక సంస్థ ఖర్చు ఇంత శాతం పెరిగిందని రిజిస్టర్ చూసి రాసేవాళ్లు ఈ సంగతి మరచిపోతుంటారు. చాలా సంస్థలను కలిపి కూడితే ఈ తేడాలు కొంత సర్దుకుంటాయి.

దీనికంటే పెద్ద గుంట ఇంకోటుంది. రిజిస్టర్‌లో చేరేవాళ్లు మూడు రకాలు. సొంత వ్యాపారం కోసమో, సభ్యుల కోసమో పనిచేసే కంపెనీలు, అసోసియేషన్లు ఈయూ పైరవీ మీద పెట్టిన ఖర్చు మాత్రమే చూపుతాయి. క్లయింట్ల తరఫున తిరిగే కన్సల్టెన్సీలు ఏ క్లయింటు నుంచి ఎంత వచ్చిందో చూపుతాయి. వ్యాపార ప్రయోజనాలు లేని స్వచ్ఛంద సంస్థలు మొత్తం బడ్జెట్ చూపుతాయి. అద్దె, సదస్సులు, పరిశోధన, జీతాలు అన్నీ అందులోనే. వినియోగదారుల సంఘం బీయూక్ అంకెను ఒక టెక్ కంపెనీ అంకె పక్కన పెట్టి 'చూశారా, స్వచ్ఛంద సంస్థలే ఎక్కువ ఖర్చు పెడుతున్నాయి' అని వాదించేవాళ్లు తగులుతుంటారు. బియ్యం ఖర్చును ఇంటి ఖర్చంతటితో పోల్చడమన్నమాట. అంకె చూసేముందు అది ఖర్చా, బడ్జెట్టా అని పైనున్న శీర్షిక చదవండి.

కంపెనీ చూపే ఖర్చులో అసోసియేషన్‌కు కట్టిన చందా కూడా కలుస్తుంది. ఆ చందాతో అసోసియేషన్ చేసిన ఖర్చు మళ్లీ దాని పేజీలో వస్తుంది. రెండూ కూడితే అదే యూరో రెండుసార్లు లెక్కకొచ్చే అవకాశం ఉంది.

ఈ రిజిస్టర్ సత్తా తెలిసేది సభ్యుల జాబితా దగ్గర. అసోసియేషన్ ఎవరి నోటితో మాట్లాడుతోందో అక్కడ బయటపడుతుంది. గూగుల్, మెటా డిజిటల్ యూరప్‌లోనూ సీసీఐఏ యూరప్‌లోనూ డాట్ యూరప్‌లోనూ సభ్యులు. సొంత ఆఫీసులు వేరే ఉన్నాయి. అంటే కమిషన్ ఏదైనా ముసాయిదా మీద అభిప్రాయం అడిగితే అదే కంపెనీ మాట సొంత పేరుతో ఒకసారి, 'యూరప్ డిజిటల్ పరిశ్రమ' పేరుతో ఒకసారి, 'ఇంటర్నెట్ సంస్థల' పేరుతో ఇంకోసారి చేరగలదు. ఒకే ఇంటివాళ్లు నాలుగు గుమ్మాల్లోంచి వచ్చి సాక్ష్యం చెప్పినట్టుంటుంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. చదివేవాళ్లు నాలుగు వేర్వేరు సంస్థలు ఒకే మాటన్నాయని అనుకోవడమే చిక్కు. జాబితా పేజీలోనే ఉండొచ్చు, లేదా అసోసియేషన్ సైటుకు లింకు ఇచ్చి వదిలేయొచ్చు. లింకు పనిచేయకపోతే సభ్య కంపెనీల పేజీలు తెరిచి 'ఏయే సంఘాల్లో సభ్యులం' అన్న గడి వెనక నుంచి చూసుకుంటూ రండి. ఈ అడ్డదారి చాలాసార్లు సూటిదారి కంటే మేలు.

పేరుతో వెతికితే పాత సంగతులు జారిపోతాయి. డాట్ యూరప్ 2020 దాకా ఎడిమా. టెలికాం కంపెనీల సంఘం ఎట్నో ఇప్పుడు కనెక్ట్ యూరప్. పాత వార్తల్లో ఒక పేరు, రిజిస్టర్‌లో ఇంకో పేరు. రిజిస్టర్ నంబరు రాసుకుని దాంతోనే వెతకడం అలవాటు చేసుకోవాలి. కమిషన్ నడిపే 'మీ అభిప్రాయం చెప్పండి' పోర్టల్‌లో, రిజిస్టర్‌లో ఉన్న సంస్థలు పెట్టే అభిప్రాయాల పక్కన కూడా ఈ నంబరు కనిపిస్తుంది. అక్కడి పెట్టెలో రాయడానికి 4,000 అక్షరాలే పడతాయి, అసలు సరుకు జతచేసిన పీడీఎఫ్‌లో ఉంటుంది. పెట్టెలో రాసింది చదివి వెళ్లిపోతే సగమే చూసినట్టు.

ఆ ఎట్నోనే ఉదాహరణగా తీసుకుంటే టెక్ పైరవీ అంతా ఒకే జట్టు కాదని తెలుస్తుంది. నెట్‌వర్క్‌ల మీద ఎక్కువ ట్రాఫిక్ పంపే పెద్ద ప్లాట్‌ఫామ్‌లు టెలికాం కంపెనీలకు డబ్బు కట్టాలన్నది ఎట్నో వాదన. దానికి 'ఫెయిర్ షేర్' అని ముద్దు పేరు. 2022 మే నెలలో ఆక్సాన్ అనే కన్సల్టెన్సీతో చేయించిన నివేదికను ఎట్నో బయటపెట్టింది. అదే ఏడాది అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థల కూటమి బెరెక్, అలాంటి చెల్లింపు అవసరమని చెప్పే ఆధారం లేదని ప్రాథమిక అభిప్రాయమిచ్చింది. అయినా 2023 ఫిబ్రవరి 23న కమిషన్ దీని మీద అభిప్రాయ సేకరణ తెరిచి మే 19 దాకా నడిపింది. ఎదురు పక్షాన సీసీఐఏ యూరప్ నిలబడింది. ఈ రెండు సంఘాల పేజీలు రెండు ట్యాబుల్లో తెరిచి, కమిషన్‌తో జరిగిన సమావేశాల జాబితాలు తేదీల వారీగా పక్కపక్కన పెట్టుకోండి. నివేదికకు ముందు ఎవరు ఎన్నిసార్లు వెళ్లారు, అభిప్రాయ సేకరణ తెరవకముందు ఎవరి రాకపోకలు పెరిగాయి అన్నది ఓపికుంటే ఒక మధ్యాహ్నంలో తేలుతుంది. ఈ ఒక్క పనిలో రిజిస్టర్‌ను మించిన సాధనం లేదు.

సమావేశాల జాబితా 2014 డిసెంబరు నుంచి ఉంది. మొదట కమిషనర్లు, వాళ్ల కేబినెట్ (అంటే సొంత సలహాదారుల బృందం) సభ్యులు, డైరెక్టర్ జనరల్‌ల వరకే. ముసాయిదా రాసే చెయ్యి యూనిట్ హెడ్‌ల దగ్గర ఉంటుంది, వాళ్లు పదేళ్లపాటు బయటే ఉండిపోయారు. 2025 జనవరి 1 నుంచి మేనేజర్ స్థాయి వాళ్లందరి సమావేశాలూ వస్తున్నాయి, మినిట్స్ కూడా పెడుతున్నారు. ఇది నిజమైన మెరుగుదల. అయితే 2025 ముందూ తర్వాతా అంకెలు పోల్చి 'సమావేశాలు ఒక్కసారిగా పెరిగాయి' అనకండి. పెరిగింది జల్లెడ వెడల్పు.

విషయం గడిలో మాత్రం రెండు మూడు మాటలే ఉంటాయి. ఏ నిబంధన మీద ఏం అడిగారో కావాలంటే 1049/2001 నిబంధన కింద పత్రాలు అడగాలి. ఇది మన సమాచార హక్కు దరఖాస్తు లాంటిదే. గడువు 15 పనిదినాలు, దాన్ని ఇంకో 15 పొడిగించుకోవచ్చు. తేదీ, ఇద్దరి పేర్లు, విషయం రిజిస్టర్ నుంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే తొందరగా కదులుతుంది. 'టెక్ కంపెనీలతో జరిగిన అన్ని ఉత్తరప్రత్యుత్తరాలు' అని అడిగితే, పరిధి తగ్గించమని ఉత్తరం రావడంతోనే నెల గడిచిపోతుంది.

పార్లమెంటు వైపు కథ వేరు. ఎంపీల సమావేశాలు పార్లమెంటు సైటులో విడిగా ఉంటాయి. 2019 నుంచి బిల్లు బాధ్యత మోసే రాపొర్చర్లు, మిగతా పార్టీల తరఫున దాన్ని చూసే షాడో రాపొర్చర్లు, కమిటీ అధ్యక్షులు పెట్టాలి. ఎంపీలు ఖతార్ నుంచి ముడుపులు తీసుకున్నారన్న ఆరోపణల గొడవ తర్వాత, 2023 నవంబరు నుంచి ఎంపీలంతా పెట్టాలి. రెండు సైట్లూ కలిపి చూడటానికి ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ వాళ్ల ఇంటెగ్రిటీ వాచ్ సులువు. పాత ఏళ్ల ఖర్చుల వరస కావాలంటే లాబీఫ్యాక్ట్స్‌కు వెళ్లాలి. నిజానికి అధికారిక సైటు కంటే అదే చదవడానికి హాయిగా ఉంటుంది, ఇది రిజిస్టర్ నడిపేవాళ్లు సిగ్గుపడాల్సిన విషయం. లాబీఫ్యాక్ట్స్ వెనక ఉన్న కార్పొరేట్ యూరప్ అబ్జర్వేటరీ, లాబీకంట్రోల్ ఈ డేటాతోనే లెక్కలు కట్టాయి. 2021లో డిజిటల్ పరిశ్రమ పైరవీ ఖర్చు ఏటా 9.7 కోట్ల యూరోలు, 2025లో 15.1 కోట్లు. ఇవి పైరవీలను విమర్శించే సంస్థల లెక్కలు. మూల సంఖ్యలు మాత్రం కంపెనీలు తమ చేత్తో తాము రాసినవే.

పోయిన రెండు మార్కుల్లో ఒకటి కౌన్సిల్ ఖాతాలో వేయాలి. ఏ బిల్లయినా పార్లమెంటుతో పాటు కౌన్సిల్ కూడా ఒప్పుకోవాల్సిందే. అక్కడ బేరాలాడేది సభ్య దేశాల ప్రతినిధులు. వాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్ల రాకపోకలు ఇందులో చాలావరకు కనపడవు. 2023 నవంబరులో ఏఐ చట్టం చివరి బేరాల్లో ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ ఏకమై ఫౌండేషన్ మోడళ్లకు (చాట్‌బాట్‌ల లాంటి వాటికి పునాదిగా ఉండే పెద్ద ఏఐ మోడళ్లకు) కఠిన నిబంధనలు వద్దన్నాయి. ఆ మాట వెనక ఎవరున్నారో వెతకాలంటే పారిస్, బెర్లిన్ వెళ్లాలి. ఫ్రాన్స్‌కు 2017 నుంచి, జర్మనీకి 2022 నుంచి సొంత రిజిస్టర్లున్నాయి.

రెండో మార్కు రిజిస్టర్ కంటికి ఆనని వాటికి. ముందుగా ఖరారు కాని భేటీలు, ఫోన్లు, మెయిళ్లు పద్దులోకి రావు. ఈయూ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ల కోర్టు 2024లో ఇచ్చిన ప్రత్యేక నివేదిక కూడా ఇదే ఎత్తి చూపింది, ఈ రిజిస్టర్ ఉపయోగకరమే గానీ పరిమితమని తేల్చింది. అసలు ప్రభావం తెలిసేది సవరణల పదాల్లో. వ్యక్తిగత డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ బిల్లుకు పార్లమెంటులో దాదాపు 4,000 సవరణలు పడ్డాయి. 2013లో లాబీప్లాగ్ అనే ప్రాజెక్టు వాటిని పరిశ్రమ పత్రాలతో పోల్చి, వాక్యాలు యథాతథంగా దిగిన చోట్లు పట్టుకుంది. ఆ పని ఇప్పుడూ చేతితో చేయొచ్చు: కమిటీ సవరణల పీడీఎఫ్ ఒకవైపు, అసోసియేషన్ తన వాదన రాసిన పొజిషన్ పేపరు ఇంకోవైపు పెట్టుకుని, అరుదైన పదబంధం ఒకటి పట్టుకుని వెతకాలి. 'నవకల్పన', 'సమతూకం' లాంటి అందరి నోటా ఉండే మాటలతో వెతికితే చేపలకు బదులు గడ్డి దొరుకుతుంది.

శిక్షల సంగతి వేరే చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో అమెజాన్ లాబీయిస్టుల 14 బ్యాడ్జీలను పార్లమెంటు రద్దు చేసింది. గిడ్డంగుల్లో పని పరిస్థితుల మీద ఉపాధి కమిటీ పిలిస్తే రాలేదన్నది కారణం. అది పార్లమెంటు తన గుమ్మం దగ్గర తీసుకున్న నిర్ణయం, రిజిస్టర్ నుంచి పేరు తీసేయడం కాదు. ప్రొఫైల్ పేజీలో బ్యాడ్జీల గడి ఖాళీగా కనిపిస్తే సంస్థ పైరవీ మానేసిందని కాదు, లోపలికి కార్డు లేదనే అర్థం.

వాడి చూడాలంటే ఇప్పుడు డిజిటల్ ఆమ్నిబస్ మంచి పరీక్ష. ఏఐ చట్టంలోని కొన్ని గడువులను వాయిదా వేసే ఈ ప్రతిపాదనను కమిషన్ 2025 నవంబరు 19న పెట్టింది. సమావేశాల విషయం గడిలో 'ఆమ్నిబస్', 'సింప్లిఫికేషన్', 'ఏఐ చట్టం' మూడూ విడివిడిగా కొట్టండి, ఎందుకంటే ఒక్కో ఆఫీసు ఒక్కోలా రాస్తుంది. నవంబరుకు ముందు ఆరు నెలలు తీసుకోండి. వచ్చినదంతా ఎక్సెల్‌లోకి దించి, సంస్థ పేరు పక్కన ఇంకో గడి వేసి, అందులో ఆ అసోసియేషన్ సభ్యుల పేర్లు నింపుకుంటూ రండి.