మా దా హే ట్రెయిల్: అంతా మోసుకెళ్లాలా, నీళ్లు ముందే దాచుకోవాలా, మెడోరాలో మకాం పెట్టాలా? ఏది మేలు?

వాన వెలిశాక రేగడి చేలో సైకిల్ తోసినవాళ్లకు అమెరికాలోని ఉత్తర డకోటా బ్యాడ్‌ల్యాండ్స్ (వాన కోసిన మట్టి కొండల నేల) సంగతి సగం తెలిసినట్టే. అక్కడి బంకమట్టి పేరు బెంటొనైట్. ఎప్పటివో అగ్నిపర్వతాల బూడిద మారి మారి అలా తయారైంది. మన నల్లరేగడిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ ఖనిజమే దీంట్లోనూ ప్రధానం. నీరు తాగి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, తడిగా ఉన్నంతసేపూ తగిలినదాన్ని వదలదు. అక్కడివాళ్లు దాన్ని గంబో అంటారు. అందుకే అక్కడి మా దా హే ట్రెయిల్ మీద మౌంటెన్ బైక్ యాత్ర అనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: వాన పడితే ఎక్కడ ఆగుతాం?

ట్రెయిల్ మొత్తం 144 మైళ్లు, అంటే సుమారు 232 కిలోమీటర్లు. 1999లో తెరిచిన పాత భాగం ఉత్తరాన వాట్‌ఫర్డ్ సిటీ వైపున్న సీసీసీ క్యాంప్‌గ్రౌండ్ నుంచి మెడోరా ఊరి పక్కనున్న సల్లీ క్రీక్ స్టేట్ పార్క్ దాకా దాదాపు 96 మైళ్లు (155 కి.మీ.). దక్షిణాన బర్నింగ్ కోల్ వెయిన్ దాకా ఉన్న ముక్క తర్వాత కలిసింది. పేరు మండన్ భాషలోది. ఎప్పటినుంచో ఉన్నది, ఇకముందూ ఉండేది అని అర్థం. దారి పొడవునా తాబేలు గుర్తు కాల్చిన చెక్క స్తంభాలు కనిపిస్తాయి. క్యాంప్‌గ్రౌండ్లు సుమారు 20 మైళ్లకు (32 కి.మీ.) ఒకటి చొప్పున ఉన్నాయి. విశాఖపట్నం, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బల్లో వాన కోసిన గండ్లు చూసినవాళ్లు వాటిని కంటికి అందనంత దూరం పరిచినట్టు ఊహించుకోవచ్చు. రంగు మాత్రం బూడిద, లేత పసుపు. మధ్యమధ్య వచ్చే ఎర్రచారలు లిగ్నైట్ బొగ్గు పొర అంటుకున్నప్పుడు పక్కమట్టి ఇటుకలా కాలిపోయిన చోట్లు.

ఇక్కడ పోలుస్తున్నది పాత 155 కిలోమీటర్ల భాగాన్నే, మూడు పద్ధతుల్లో.

మొదటి పద్ధతి: అంతా సైకిల్ మీదే

గుడారం, పరుపు, స్టవ్, నాలుగు రోజుల తిండి అన్నీ సంచుల్లో కట్టుకుని బయల్దేరడం. లెక్క వేద్దాం. గుడారం 1.3 కిలోలు, స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్ కలిపి 1.5, బట్టలు, వానకోటు 1, స్టవ్, గ్యాస్, గిన్నె 0.6, పనిముట్లు, విడిభాగాలు 0.9, తిండి రోజుకు 800 గ్రాముల చొప్పున 3.2. ఇదే ఎనిమిదిన్నర కిలోలు. దీనిమీద నీళ్లు. సామానుతో ఈ దారిలో గంటకు 8 కిలోమీటర్లు సాగితే మంచి వేగమే. తోసుకుంటూ ఎక్కే చోట్లు, ఒక్కొక్కటిగా తెరిచి మూయాల్సిన పశువుల గేట్లు కలుపుకుంటే ఒక క్యాంప్ నుంచి ఇంకో క్యాంప్‌కు ఐదారు గంటలు పడుతుంది. ఎండలో గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు తాగాలి. అంటే ఐదు లీటర్లు, ఆపైన అత్యవసరానికి ఒకటి. మొత్తం బరువు 14 కిలోలు దాటుతుంది.

ఆ బరువు ఏ భాగం మీద పడుతుందో ముందే చూసుకోవాలి. హ్యాండిల్‌కు కట్టిన సంచి బ్రేకు కేబుళ్లను నొక్కకుండా వాటి మధ్య చిన్న స్పాంజి ముక్క పెట్టాలి. సీటు కింది సంచిలో బరువైనవి సీటుకు దగ్గరగా, తేలికైనవి వెనక్కి సర్దాలి. తిరగేసి సర్దితే ప్రతి మలుపులోనూ తోకలా ఊగుతుంది. నీళ్లు ఫ్రేమ్ మధ్యలో, వీలైనంత కిందికి ఉండాలి. ఆరు లీటర్లనూ వీపు సంచిలో వేస్తే రెండో రోజుకే నడుము, కూర్చునే ఎముకలు మొరాయిస్తాయి.

ఈ పద్ధతికి ఒక పెద్ద బలం ఉంది. మట్టి తడిసిన క్షణంలో ఉన్నచోటే ఆగిపోవచ్చు. నేషనల్ గ్రాస్‌ల్యాండ్ (ప్రభుత్వ గడ్డిమైదానం) భూమిలో క్యాంప్‌గ్రౌండ్ బయట కూడా గుడారం వేసుకోవచ్చు. కాకపోతే మధ్యమధ్య ప్రైవేటు భూములు, రాష్ట్రం భూములు వస్తాయి. హద్దులు చూపే మ్యాప్ ఫోన్‌లో ముందే దించుకోవాలి, సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు.

రెండో పద్ధతి: నీళ్లూ తిండీ ముందే దాచడం

కారులో ఒక రోజంతా తిరిగి, ట్రెయిల్ రోడ్డును దాటే చోట్ల నీళ్లు, తిండి పెట్టి రావడం. కొన్ని చోట్ల ఇందుకోసమే పెట్టెలు ఏర్పాటు చేశారు. క్యాంప్‌గ్రౌండ్లలో చేతిపంపులు ఉన్నాయి కదా, దాచడం ఎందుకని అనిపించవచ్చు. చలికాలంలో పంపులు ఆపేస్తారు, మరమ్మతులో ఉన్న పంపూ తగలవచ్చు. అదీగాక పంపులు 32 కిలోమీటర్లకు ఒకటి. సగం దారిలో మూడు లీటర్లు దొరికితే బయల్దేరేటప్పుడు ఆరుకు బదులు మూడు మోస్తే చాలు. ఎక్కుడులో ఆ మూడు కిలోల తేడా కాళ్లకు బాగా తెలుస్తుంది.

దాచడంలో జరిగే పొరపాట్లు ఎప్పుడూ ఇవే. పాలడబ్బాల్లాంటి పల్చని ప్లాస్టిక్‌లో నీళ్లు పోస్తే అతుకు దగ్గర చిట్లి కారిపోతాయి, కాబట్టి మందపాటి డబ్బాలే వాడాలి. తిండిని సంచిలో వదిలితే ఎలుకలు, రకూన్లు ఖాళీ చేస్తాయి. మూత తిప్పి బిగించే బకెట్టో రేకు డబ్బానో కావాలి. ప్రతి డబ్బా మీదా పేరు, తీసుకెళ్లే తేదీ రాయాలి. పేరు లేనిది వదిలేసిన చెత్త కిందే లెక్క. పెట్టెలో పట్టక బయట పెట్టాల్సివస్తే పశువులు తొక్కని చోటు చూడాలి. యాత్ర అయ్యాక డబ్బాలు వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో పూట ముందే లెక్కలో వేసుకోవాలి.

తిండి విషయంలో మన వంటిల్లు బాగా పనికొస్తుంది. చిక్కీలు ఎండకు ఎక్కువ కరగవు, సీటు మీదే కొరుక్కోవచ్చు. సున్నుండలు పెట్టెలో వేడికి నెయ్యి వదిలి ముద్దవుతాయి, వాటిని చల్లని నెలలకు ఉంచుకోండి. తాలింపు వేసి వేయించిన అటుకుల మీద వేడినీళ్లు పోసి మూత పెడితే ఐదు నిమిషాల్లో రాత్రి భోజనం సిద్ధం. పులిహోర మొదటిరోజుకే, ఆ ఎండలో దాన్ని దాచకండి. ఉప్పు తగ్గించకండి, చెమటలో పోయేది అదే.

ఈ పద్ధతిలో ప్రమాదం ఒకటుంది. నీళ్లు దాచాం కదా, గుడారాన్ని కూడా దాచి తేలిగ్గా వెళ్దాం అనిపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఉరుములతో వాన దిగితే గుడారం పన్నెండు కిలోమీటర్ల అవతలే ఉంటుంది, మట్టి కదలనివ్వదు. నీళ్లు, తిండి దాచండి. గుడారం, వెచ్చని బట్ట, వానకోటు మాత్రం ఎప్పుడూ సైకిల్‌నే అంటిపెట్టుకుని ఉండాలి.

మూడో పద్ధతి: మెడోరాలో మకాం, రోజుకో ముక్క

రాత్రికి మంచం, స్నానం, వేడి భోజనం. పగలు నాలుగు లీటర్ల నీళ్లు, పనిముట్లు, వానకోటుతో 25 నుంచి 40 కిలోమీటర్లు. వాన పడితే ఆ రోజు తొక్కరు, అంతే. రెండు కార్లుంటే ఒకటి ఆ కొసన, ఒకటి ఈ కొసన పెట్టుకోవచ్చు. ఒక్కటే ఉంటే వెళ్లిన దారినే తిరిగి రావాలి. పోయేది ఉత్తర భాగం. మెడోరా నుంచి సీసీసీకి బెల్‌ఫీల్డ్ మీదుగా సుమారు 120 కిలోమీటర్లు, అంత దూరం రోజూ తిరగలేరు. మ్యాగ్‌పై, ఎల్క్‌హార్న్ క్యాంప్‌ల మధ్యనున్న డెవిల్స్ పాస్ అనే సన్నని గట్టు మీద, రెండు వైపులా లోతు చూస్తూ వెళ్లాలనుకుంటే మాత్రం ఆ ఒక్కరోజు కారులో దూరం వెళ్లడం దండగ కాదు.

మెడోరా దగ్గర ఒక నియమం తప్పక తెలిసి ఉండాలి. ట్రెయిల్ కొంత దూరం థియోడర్ రూజ్‌వెల్ట్ నేషనల్ పార్క్ లోపల నుంచి పోతుంది. పార్క్ ట్రెయిళ్ల మీద సైకిళ్లు నిషిద్ధం. సైకిళ్ల కోసం పార్క్‌ను చుట్టి పోయే బఫెలో గ్యాప్ ట్రెయిల్ ఉంది, సుమారు 30 కిలోమీటర్లు. పొరపాటున లోపలికి పోతే జరిమానా ఒకటే కాదు, అడవిదున్నలు కూడా ఎదురవుతాయి. దున్న కనిపిస్తే కనీసం 25 గజాల దూరం పాటించాలి. దారికి అడ్డంగా ఉంటే అది కదిలేదాకా ఆగాలి.

మరి ఏది మేలు?

ముందు సెలవు రోజులు లెక్కపెట్టండి. మినియాపొలిస్ నుంచి మెడోరా దాదాపు 900 కిలోమీటర్లు, ఎనిమిది గంటలకు పైగా డ్రైవింగ్. నాలుగు రోజుల సెలవులో రాకపోకలకే రెండు పోతాయి. మిగిలిన రెండు రోజుల్లో 155 కిలోమీటర్లు పూర్తి చేయాలనుకునే గుంపులే తడిమట్టిలో మొండిగా తోసి సైకిళ్లు విరగ్గొట్టుకుంటాయి. అలాంటివాళ్లకు మూడో పద్ధతే సరైనది, అది తక్కువదేమీ కాదు. రాకపోకలు పోగా వారం రోజులుంటే రెండోది: ఒక రోజు దాచడానికి, నాలుగు రోజులు తొక్కడానికి, ఒక రోజు వాన కోసం ఖాళీగా. ఆ ఖాళీ రోజు లేకుండా ప్లాన్ వేయొద్దు. సామానుతో రెండు మూడు రాత్రుల యాత్రలు వేరేచోట చేసి, తమ సైకిల్ బరువు తమకు తెలిసినవాళ్లకు మొదటిది బాగుంటుంది. మొట్టమొదటి బైక్‌ప్యాకింగ్ (సామాను సైకిల్‌కే కట్టుకుని వెళ్లే) యాత్రగా దీన్ని ఎంచుకోవడం మంచిది కాదు.

దిశ గురించి ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తే చివర మెడోరాలో తిండి, స్నానం దొరుకుతాయి.

నెల: జూన్ లేక సెప్టెంబర్?

జూన్‌లో కొండలు పచ్చగా ఉంటాయి, పగలు పొడవు. కానీ అక్కడ వానలు ఎక్కువ కురిసేది మే, జూన్ నెలల్లోనే, నదిలో నీరూ ఎక్కువే. జూలై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి, నీడనిచ్చే చెట్టు అరుదు. సెప్టెంబర్‌లో పగలు హాయిగా ఉంటుంది, రాత్రి చలి పెరుగుతుంది, నది తగ్గుతుంది. మా ఓటు సెప్టెంబర్‌కే. వేట సీజన్ కూడా మొదలవుతుంది కాబట్టి నారింజ రంగు చొక్కా వేసుకోండి.

ట్రెయిల్ లిటిల్ మిసూరీ నదిని దాటుతుంది, వంతెన ఉండదు. వేసవి చివర చీలమండ నుంచి మోకాలి దాకా నీళ్లుంటాయి. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నది పొంగుతుంది. మెడోరా దగ్గర కొలిచే నీటిమట్టం ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది, బయల్దేరే రోజు చూడాలి. నీళ్లు మోకాలు దాటి, ప్రవాహం కాలిని లాగుతుంటే దిగొద్దు. దిగితే వీపు సంచి బకిల్ విప్పి, సైకిల్‌ను దిగువ వైపు పట్టుకోవాలి. ఎగువ వైపు పట్టుకుంటే ప్రవాహం దాన్ని మీ మీదికే నెడుతుంది.

నది నీరు తాగాల్సి వస్తే ఫిల్టర్ ఒక్కటే చాలదు. సన్నటి బంకమట్టి కాసేపట్లోనే దాన్ని మూసేస్తుంది. పాతకాలపు పద్ధతిలో పటిక వాడాలి. నాలుగు లీటర్లకు పావు చెంచాకు మించకుండా పటికపొడి వేసి కలిపి, అరగంట నుంచి గంట కదపకుండా ఉంచితే మట్టి కిందికి దిగుతుంది. పైనీళ్లు వంచి ఫిల్టర్ చేయాలి. పశువుల చెరువుల నీళ్లకు ఇది కూడా నమ్మకం కాదు. వాటిలో కరిగిన లవణాలను పటిక గానీ ఫిల్టర్ గానీ తీయలేవు.

మట్టి అంటుకున్నప్పుడు

టైరుకు మొదటి పొర అంటిన వెంటనే దిగిపోవాలి. ఇంకో వంద గజాలు పోదాం అనుకుంటే టైరు మీది మట్టి ఫోర్క్ కింద, వెనక చక్రం దగ్గర ఇరుక్కుని చక్రాన్ని బిగించేస్తుంది. అప్పుడు పెడల్ గట్టిగా తొక్కితే చైన్ వెనక డెరైలర్‌ను (గేర్లు మార్చే భాగాన్ని) చువ్వల్లోకి లాగుతుంది, దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. హ్యాంగర్ ప్రతి సైకిల్‌కూ వేరు, దారిలో ఎవరి దగ్గరా అరువు దొరకదు. మీ మోడల్‌ది ఒకటి, మీ గేర్లకు సరిపోయే చైన్ క్విక్ లింకులు రెండు, మట్టి గీకడానికి ఒక చదునైన ప్లాస్టిక్ బద్ద వెంట ఉండాలి. ఎండ, గాలి ఉంటే ఎత్తు మీది దారి కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. జునిపర్ చెట్ల నీడలోని ఉత్తరపు వాలుకు ఒక రోజైనా కావాలి. తడిలో తొక్కితే పడే గాడి ఎండాక రాయిలా మిగిలిపోతుంది, తర్వాత వచ్చే ప్రతి ఒక్కరినీ కింద పడేస్తుంది.

టైర్లు ట్యూబ్‌లెస్ అయితేనే మేలు. నేల మీద పాకే ముళ్లజెముడు ఎక్కువ. 29 అంగుళాల చక్రానికి 2.3 నుంచి 2.4 వెడల్పు, ఒక్కో టైరుకు 100 నుంచి 120 మి.లీ. తాజా సీలెంట్ (చిన్న రంధ్రాలు మూసే ద్రవం). కోత పెద్దదై ట్యూబ్ వేయాల్సివస్తే ముందు టైరు లోపలంతా గుడ్డతో తడిమి ముళ్లన్నీ పీకేయాలి. సీలెంట్ మూసిన ఇరవై చిన్న ముళ్లు లోపలే ఉంటాయి, కొత్త ట్యూబ్‌ను అవి ఐదు నిమిషాలు కూడా బతకనివ్వవు.

బయల్దేరే ముందురోజు ఫారెస్ట్ సర్వీస్ కార్యాలయానికి ఫోన్ చేసి పంపుల సంగతి, దారి తడి అడగండి. దక్షిణ భాగానికి డికిన్సన్‌లోని మెడోరా రేంజర్ డిస్ట్రిక్ట్, ఉత్తరానికి వాట్‌ఫర్డ్ సిటీలోని మెకెంజీ రేంజర్ డిస్ట్రిక్ట్. ఏ రోజు ఏ క్యాంప్‌లో ఉంటారో రాసిన కాగితం ఇంట్లో ఒకరి దగ్గర, శాటిలైట్ మెసెంజర్ మీ జేబులో ఉండాలి. సంచిలో పెట్టొద్దు, జారి పడ్డప్పుడు సైకిల్ ఒక గాడిలో, మీరు ఇంకో గాడిలో ఉండవచ్చు.