స్లిప్ టెస్టా, ఎస్ఏనా, బిట్లా, పలకా: పిల్లలకి ఏది మేలు?

"అర్థమైందా?" అని అడిగితే క్లాసు మొత్తం ఒక్క గొంతుతో "అయింది మేస్టారూ" అంటుంది. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపైనా, విజయనగరం జిల్లా గజపతినగరం వైపైనా ఇదే జవాబు. రోజూ మనం పెట్టే పరీక్షల్లో ఇంతకంటే పనికిరానిది లేదు, ఎందుకంటే ముందు బెంచీలో నలుగురు అనగానే మిగతావాళ్లు గొంతు కలిపేస్తారు. దీన్ని పక్కన పెట్టేసి మిగతావాటి సంగతి చూద్దాం. నేను లెక్కలు చెప్తాను కాబట్టి ఉదాహరణలూ అక్కడివే.

ఎస్ఏలని, అంటే టర్ము చివర పెట్టే పెద్ద పరీక్షల్ని (సమ్మేటివ్ అసెస్‌మెంట్), తీసిపారేయలేం. సిలబస్ మొత్తం ఒకసారి వెనక్కి తిరగేయించేది, రేపు పబ్లిక్ రాయాల్సిన పిల్లకి గంటల తరబడి కూర్చుని రాసే అలవాటు చేసేది అవే. చిక్కల్లా ఎక్కడంటే, పేపర్లు దిద్ది చేతికిచ్చేసరికి పాఠం ముందుకెళ్లిపోయి ఉంటుంది, ఎస్ఏ-2 అయితే ఇక వేసవి సెలవులే. తప్పు తెలుస్తుంది గానీ దిద్దే టైము ఉండదు.

నడుస్తున్న పనిని సరిదిద్దుకోడానికి చేసే మూల్యాంకనం వేరు, అయిపోయాక ఎంతవరకు వచ్చిందో తేల్చేది వేరు అని మూల్యాంకనం మీద పనిచేసిన పండితుడు మైఖేల్ స్క్రివెన్ 1967లోనే విడదీసి చెప్పాడు. మన ఎఫ్ఏలు, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్), మొదటి రకం కావాలి. విద్యాహక్కు చట్టం 2009లో అడిగింది కూడా నిరంతర మూల్యాంకనమే. కానీ మార్కులు ఆన్‌లైన్లో ఎక్కించాల్సిన గడువు దగ్గరపడేసరికి ఎఫ్ఏ కాస్తా చిన్న సైజు ఎస్ఏ అయిపోతోంది, అదే నా బాధ.

ఇప్పుడు అసలు విషయం. 403 లోంచి 178 తీసేయమని స్లిప్ టెస్టులో, అంటే క్లాసులో చిన్న కాగితం మీద రాయించే పరీక్షలో, ఇచ్చాననుకోండి. జవాబు 225. ఒకడు 375 రాస్తాడు, ఇంకొకడు 235 రాస్తాడు, ఇద్దరికీ సున్నాయే. కానీ మొదటివాడు ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు, కిందదా పైదా అని చూడటం లేదు, అంటే వాడికి అప్పు తేవడమే రాదు. రెండోవాడికి అప్పు తేవడం వచ్చు, మధ్యలో సున్నా ఉంది కాబట్టి వందల నుంచి తెచ్చిన పదిలో ఒకటి ఒకట్ల స్థానానికి ఇచ్చేసిన సంగతి మర్చిపోయాడు. మొదటివాడికి పుల్లల కట్టలతో మళ్లీ మొదటినుంచి చెప్పాలి, రెండోవాడికి రెండు నిమిషాలు చాలు. రిజిస్టర్లో మాత్రం రెండు సున్నాలూ ఒకేలా కనిపిస్తాయి.

అందుకే నా ఓటు పలకకి. హైస్కూల్లో పలకలుండవు కదా అంటారా, రఫ్ నోటు వెనక పేజీ చాలు. బోర్డు మీద ఒక్క లెక్క వేసి, అందరూ రాసేదాకా ఆగి, "ఒకేసారి చూపించండి" అనాలి. ఒకేసారి అన్నది ముఖ్యం, లేదంటే పక్కవాడిది చూసి చెరిపేసి రాస్తారు. అర నిమిషంలో 375లు ఎన్ని, 235లు ఎన్ని అన్నది కళ్లముందుంటుంది, మార్కుల్లేవు కాబట్టి పిల్లలకి టెన్షన్ ఉండదు, దిద్దే భారమూ లేదు, ఆ పీరియడ్‌లోనే పాఠం మార్చుకోవచ్చు.

బిట్లని, అంటే ఇచ్చిన ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్నల్ని, చాలామంది చులకనగా చూస్తారు, నేను చూడను. 2022-23లో సీబీఏ (క్లాస్‌రూమ్ బేస్డ్ అసెస్‌మెంట్) పేరుతో 1 నుంచి 8 తరగతులకి, జవాబు గడిని పెన్నుతో నింపే ఓఎంఆర్ షీట్లు వచ్చినప్పుడు గుడ్డిగా బబుల్ నింపేస్తారని భయపడ్డారు, ఆ భయంలో నిజముంది. కానీ ఆప్షన్లలో 225తో పాటు 375, 235 పెడితే ఏ పిల్లాడు ఎక్కడ తప్పాడో ఆ బబులే చెప్పేస్తుంది. నోటికొచ్చిన అంకెలు ఆప్షన్లుగా పెడితేనే దండగ.

ఇక ఇంటి దగ్గర చేసుకురమ్మనే ప్రాజెక్టులు నాకు నచ్చవు. అమ్మానాన్నా కూలిపనికి చెన్నైకో హైదరాబాదుకో వెళ్లిపోతే మామ్మ దగ్గర పెరిగే పిల్లలు మన జిల్లాల్లో తక్కువేం కాదు. అలాంటి పిల్లకి చార్టు వేయించేదెవరు, ప్రింటు తీయించేదెవరు? ఆ మార్కులు పిల్ల తెలివిని కాదు, ఇంట్లో ఎవరున్నారో కొలుస్తాయి. సంతలో కూరగాయల ధరలు అడిగి రాసుకురమ్మని, గ్రాఫు మాత్రం క్లాసులోనే గీయిస్తే అందరికీ న్యాయంగా ఉంటుంది.

మార్కు వేయాలా, మాట రాయాలా అన్నదీ తేల్చుకోవాలి. విద్యా పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్నవాళ్లకి ఆ లాభం దక్కలేదు. క్లాసులోనూ కనిపించేదే ఇది, పేపరు చేతికి రాగానే చూపు మార్కు మీదకి, ఆ వెంటనే పక్కవాడి మార్కు మీదకి వెళ్తుంది, కింద ఎర్ర ఇంకుతో రాసినదాన్ని ఎవరూ చదవరు. స్లిప్ టెస్టు పెట్టినా సరే, ముందు "అప్పు తెచ్చాక పైన అంకె మార్చి రాయి" అని రాసిచ్చి, లెక్క మళ్లీ చేయించి, మార్కు తర్వాత చెప్పండి. అందరికీ ఒకేరోజు రాయలేం, రోజుకో వరుస చొప్పున చూసుకుంటే భారం ఉండదు.

పదో తరగతికి మాత్రం నా సలహా వేరు. మన ఆంధ్రప్రదేశ్‌లో బడిలోనే వేసే ఇంటర్నల్ 20 మార్కులు 2019లో తీసేశారు కాబట్టి ఇప్పుడు బరువంతా పబ్లిక్ మీదే, వాళ్లకి రాత పరీక్షలు తరచుగా పెట్టాల్సిందే, పలక పని పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు ఉంటే చాలు. ఆరు నుంచి ఎనిమిది దాకా దీన్ని తిరగేయండి. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చిన మామ్మ "మా గుంటడు ఎలాగ చదువుతున్నాడు బాబూ" అని అడిగితే 50కి 22 అని చెప్పి పంపకండి, "తీసివేతలో అప్పు దగ్గర ఆగిపోతున్నాడమ్మా, ఈ నెలలో అది నేర్పేస్తాను" అనండి.