మెడికెయిడ్ ఇచ్చే ఇంటి నర్సింగ్: ఏళ్లుగా వాడుతున్నాక మా మాట

మా బాబుకు ట్రాక్ ఉంది, అంటే ఊపిరి ఆడటానికి గొంతు దగ్గర పెట్టిన గొట్టం. నిద్రపోయేటప్పుడు వెంటిలేటర్ కావాలి, ఆహారమంతా జీ-ట్యూబ్‌లోనే, అంటే నేరుగా పొట్టలోకి వెళ్లే గొట్టంలోనే. అమెరికాలో ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నప్పటి నుంచి మెడికెయిడ్ (ముఖ్యంగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) వారి ప్రైవేట్ డ్యూటీ నర్సింగ్, అంటే షిఫ్టుల్లో వచ్చి పక్కనే ఉండే నర్సు సేవ, వాడుతున్నాం. ఇప్పుడు వాడు బడికి కూడా వెళ్తున్నాడు, పక్కన నర్సుతో.

మనవాళ్లు అందరూ ముందు అడిగేది, "మన జీతాలకు మెడికెయిడ్ ఎలా ఇస్తారు?" అని. ఇస్తారు. అయోవాకు చెందిన కేటీ బెకెట్ అనే చిన్నారి ఆసుపత్రిలో ఉన్నంతకాలమే మెడికెయిడ్ ఖర్చు భరించేది, ఇంటికెళ్తే ఆగిపోయేది. 1981లో ఆ సంగతి అప్పటి అధ్యక్షుడు రీగన్ దాకా వెళ్లింది. 1982లో వచ్చిన టెఫ్రా చట్టంతో, ఆసుపత్రి స్థాయి సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి తీసుకోకుండా మెడికెయిడ్ ఇచ్చే వీలు రాష్ట్రాలకు దొరికింది. కొన్ని రాష్ట్రాలు ఇదే పనిని వేవర్ల (మామూలు మెడికెయిడ్ నియమాలకు మినహాయింపుతో నడిచే ప్రత్యేక పథకాల) ద్వారా చేస్తాయి, వాటికి వెయిటింగ్ లిస్టు ఉండొచ్చు. అందుకే పేరు ముందే రాయించండి. మీరు హెచ్-1బీ మీద ఉన్నా, ఇక్కడ పుట్టి పౌరసత్వం ఉన్న బిడ్డకు దరఖాస్తు చేయొచ్చు.

మెడికెయిడ్ వచ్చినంత మాత్రాన నర్సు రాదు, దానికి వేరే అర్హత చూస్తారు. అప్పుడప్పుడూ వచ్చి వెళ్లే నర్సు సరిపోక, ఎక్కువసేపు ఎడతెగకుండా కనిపెట్టుకుని ఉండాల్సిన వైద్య అవసరం ఉండాలి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం లాంటివి ఆ లెక్కలోకి రావు. సక్షన్ (గొట్టంలో చేరిన కఫం లాగేయడం), వెంటిలేటర్, ఫిట్స్, ఆక్సిజన్ లాంటివి వస్తాయి. 21 ఏళ్లలోపు పిల్లలకు వైద్యపరంగా అవసరమని తేలితే రాష్ట్రం ఇవ్వాల్సిందే, ఈపీఎస్‌డీటీ అనే మెడికెయిడ్ పిల్లల నిబంధన ప్రకారం. ఆఫీసులో ఎవరైనా "మా దగ్గర అది లేదు" అంటే ఈ పేరు చెప్పి అడగండి. ఆఫీసు ఇన్సూరెన్స్ కూడా ఉంటే క్లెయిమ్ ముందు దానికే పంపాలి, వాళ్లు కాదన్న ఉత్తరం దాచుకోవాలి.

మంజూరైన నర్సు గంటలు నిలబడేదీ పోయేదీ నర్సు రాసే నోట్సును బట్టే. నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒకసారి రెన్యువల్‌కు మా గంటలు బాగా కోసేశారు, పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా అని. ఫైలు తెప్పించి చూస్తే చాలా రాత్రులకు "బాగా నిద్రపోయాడు" అని మాత్రమే ఉంది. నిజానికి ఆ నిద్ర వెనక నర్సు రాత్రంతా మెలకువగా ఉండి పని చేసింది. ఇప్పుడు మా ఇంటి నోట్సు ఇలా ఉంటాయి: రెండున్నరకు సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 86కి పడింది, చిక్కటి పసుపు కఫం, సక్షన్ చేశాక 96కి వచ్చింది. నర్సు పక్కన లేకపోతే ఏమయ్యేదో అది చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. డాక్టర్ రాసే లెటర్‌లోనూ ఇదే స్థాయి వివరం ఉండాలి.

కోత నోటీసు వస్తే టెన్షన్ పడుతూ కూర్చోకండి, ముందు దాని మీద తేదీ చూడండి. కోత అమల్లోకి వచ్చేలోపే ఫెయిర్ హియరింగ్ (కోత మీద అప్పీలు విచారణ) అడిగి, అప్పటిదాకా సేవలు కొనసాగించమని రాతపూర్వకంగా కోరితే సాధారణంగా పాత గంటలు ఆగవు. ఓడిపోతే ఆ ఖర్చు తిరిగి అడిగే అవకాశం ఉంది, అది తెలిసే దిగాలి. మేం దిగాం, నోట్సు పెట్టి వాదించాం, గంటలు చాలావరకు వెనక్కి వచ్చాయి.

అసలు బాధ వేరే ఉంది. కాగితం మీద గంటలున్నా నర్సు దొరకదు. సాయంత్రం నర్సులను పంపే ఏజెన్సీ నుంచి, ఈ రాత్రికి ఎవరూ రారని ఫోన్ వచ్చిందంటే ఆ రాత్రి నేనో మా ఆవిడో మెలకువగా ఉండి, తెల్లారాక అలాగే ఆఫీసు పనిలో కూర్చోవాలి. నర్సులకు ఇచ్చే జీతం ఆసుపత్రులతో పోలిస్తే తక్కువ, అది పెరగనంతకాలం ఈ ఖాళీలు నిండవు. ఖాళీ పోయిన ప్రతి షిఫ్టునూ తేదీతో రాసి కేస్ మేనేజర్‌కు మెయిల్ చేస్తుంటాను. లేకపోతే వాడుకోని గంటలు అవసరం లేనివిగా కనబడే ప్రమాదం ఉంది.

ఇన్ని తిప్పలున్నా దీన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను. మా బాబు ఆసుపత్రి గదిలో కాకుండా చెల్లెలితో కొట్లాడుతూ పెరుగుతున్నాడంటే ఈ నర్సుల వల్లే. 21 నిండాక ఈపీఎస్‌డీటీ వర్తించదు, పెద్దవాళ్లకు ఈ సేవ ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. అందుకే పెద్దల వేవర్ లిస్టులో పేరు ఎప్పుడు ఎక్కించవచ్చో కేస్ మేనేజర్‌ను ఇప్పటి నుంచే అడుగుతున్నాం.