అంబాసిడర్ ఇనుప బంపర్, హ్యాచ్‌బ్యాక్ ప్లాస్టిక్ బంపర్: ఏళ్ల తరబడి వాడాక

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి నాన్నగారి హయాం నుంచి ఉన్న 1988 నాటి అంబాసిడర్ మార్క్ 4, రెండోది నేను పదేళ్లకు పైగా నడుపుతున్న హ్యాచ్‌బ్యాక్. నరసాపురం వీధుల ఇరుకూ, సముద్రపు ఉప్పుగాలీ, గోదావరి దాటించే పంటూ రెండింటికీ సమానంగా అనుభవమే కనుక, వాటి బంపర్లను పోల్చి చెప్పే అర్హత నాకుందనుకుంటున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండికి అంబాసిడర్ బంపర్‌ను మించినది నేను చూడలేదు, కానీ హైవే ఎక్కవలసి వస్తే మాత్రం ప్లాస్టిక్ బంపర్ ఉన్న కారునే బయటకు తీస్తాను.

అంబాసిడర్ బంపర్ అంటే క్రోమియం పూత పూసిన ఉక్కు పట్టీ, దాని మీద నిలువుగా నిలబడే రెండు ఓవర్‌రైడర్లు (దెబ్బ ముందుగా తగిలే దిమ్మెలు), వెనుక బోల్టులతో బిగించిన బ్రాకెట్లు. దాచిపెట్టిన భాగమంటూ ఏదీ లేదు. బండి మొరాయిస్తే నలుగురూ దాని మీదే చేతులు వేసి తోస్తారు, పిల్లలు దానిపైకెక్కి కూర్చుంటారు. సందులో ఎదురైన ఆటో కాస్త ఒరుసుకుపోతే గుడ్డతో తుడుచుకుని ముందుకు సాగిపోవచ్చు. ఒకసారి రివర్సులో గేటు స్తంభానికి బలంగానే తగిలినప్పుడు బ్రాకెట్ ఒకటి వంగింది. మేస్త్రి దాన్ని విప్పి, సుత్తితో సరిచేసి, ఆ పూటే బిగించి పంపించాడు.

ఆ బంపర్‌కు అసలు శత్రువు ఉప్పుగాలి. మెరిసే క్రోమియం పొర చాలా పలుచనిది, తుప్పును నిజంగా అడ్డుకునేది దాని కిందనున్న నికెల్ పొర. ఆ పొరలో ఎక్కడైనా సూదిమొనంత రంధ్రం పడితే ఉప్పుతేమ ఉక్కు దాకా చేరి, లోపల తుప్పు పెరిగి, పైపూత పెచ్చులుగా లేస్తుంది. పైపై మచ్చలైతే అల్యూమినియం రేకును నీటిలో తడిపి రుద్దితే పోతాయి, ఆ తరువాత మైనం పూస్తే కొన్ని నెలలు నిశ్చింత. అయితే చాలామంది చూడనిది బంపర్ వెనుకవైపు. ముందువైపున్నంత పూత అక్కడ ఉండదు, చక్రాలు చిమ్మిన బురదంతా చేరేదీ అక్కడే. వానాకాలానికి ముందు దాన్ని విప్పి, బురద గీకి, తుప్పును ఆపే రెడాక్సైడ్ రంగు పూయించడం మా ఇంట్లో ఆనవాయితీ.

మళ్లీ ప్లేటింగ్, అంటే లోహపు పూత, చేయించడం మాత్రం తేలిక కాదు. పాత పూత పూర్తిగా తీసి, సానబట్టి, వరుసగా రాగి, నికెల్, క్రోమియం పూయాలి. ఈ పనిలో వాడే హెక్సావేలెంట్ క్రోమియం అనే క్రోమియం రూపం క్యాన్సర్ కారకం కావడంతో వ్యర్థజలాలపై ఆంక్షలున్నాయి, ఆ పని చేసే దుకాణాలూ తగ్గిపోయాయి. మేము ఒకచోట చేయించిన ప్లేటింగ్ రెండు వానాకాలాలు కూడా నిలవలేదు. ముందుగా నికెల్ పొర ఎంత మందంగా వేస్తారో అడగండి, దానికి జవాబు చెప్పలేని చోట డబ్బు పెట్టకండి.

ఇక ప్లాస్టిక్ బంపర్. కంటికి కనిపించేది పాలీప్రొపిలీన్ మిశ్రమంతో చేసిన తొడుగు మాత్రమే. చాలా కార్లలో ఆ తొడుగు వెనుక దెబ్బను మింగే నురుగు దిమ్మె, దాని వెనుక అడ్డంగా లోహపు కడ్డీ ఉంటాయి. గట్టి దెబ్బ తగిలినప్పుడు ఇవి నలిగి, కూర్చున్నవారి మీద పడే అదురును తగ్గిస్తాయి. అడ్డుపడిన మనిషి కాలికి కూడా ఉక్కు పట్టీ కంటే ఈ మెత్తదనమే నయం. ఈ ఒక్క కారణం చాలు, దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ రోజువారీ వాడకంలో ఇది ఓపికను పరీక్షిస్తుంది. చిన్న గీతకే రంగు లేస్తుంది. ప్లాస్టిక్‌కు పట్టే ప్రైమర్ వేయకుండా హడావిడిగా కొట్టిన రంగు కొన్నాళ్లకే పొరలుగా ఊడుతుంది. ఒకటి రెండుసార్లు విప్పి బిగించేసరికి క్లిప్పులు విరిగి, మడ్‌గార్డు దగ్గర మూల జారి సందు తేలుతుంది. మరో చిక్కు ఏమిటంటే, తొడుగు దెబ్బ తిన్నాక తిరిగి యథాస్థానానికి రావచ్చు, లోపలి దిమ్మె మాత్రం పగిలే ఉండవచ్చు. అందుకే కాస్త గట్టిగా తగిలినప్పుడల్లా తొడుగు విప్పించి చూడమంటాను.

బీమా లెక్క కూడా చూడాలి. సాధారణ పాలసీలో ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం తరుగుగా కోసేస్తారు. 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరిగా మనం భరించవలసిన 1,000 రూపాయలు దానికి అదనం. క్లెయిము లేకుండా ఐదేళ్లు గడిస్తే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 50 శాతం వరకు వచ్చే రాయితీ ఒక్క క్లెయిముతో పోతుంది. కాబట్టి ఒక్క బంపర్ కోసం క్లెయిము పెట్టే ముందు కాగితం మీద లెక్క వేసుకోవడం మంచిది. తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ అనే అదనపు రక్షణ పాలసీలో ఉంటే ఆ బాధ తప్పుతుంది గానీ రాయితీ దక్కదు.

ఈ అవస్థ చూసి బంపర్ ముందు ఇనుప గొట్టాల చట్రాన్ని, అంటే క్రాష్ గార్డును, బిగించమని సలహా ఇచ్చేవారుంటారు. అది వద్దు. బండిలో మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. పైగా అది దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేసి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవలసిన తీరును కూడా చెడగొట్టవచ్చు.

అమెరికాలో 1973 మోడళ్ల నుంచి ముందు బంపర్ గంటకు 5 మైళ్ల తాకిడిని, అంటే సుమారు 8 కిలోమీటర్ల వేగాన్ని, లైట్ల వంటివి చెడకుండా తట్టుకోవాలని నియమం పెట్టారు. ఆనాటి పాత కార్ల ముందు ఆ భారీ బంపర్లు కనిపించేది అందుకే. 1982లో దాన్ని 2.5 మైళ్లకు తగ్గించారు. మన సందుల్లో తగిలే దెబ్బలన్నీ దాదాపు ఆ వేగాల్లోవే కనుక, అలాంటి నియమం మనకూ ఉంటే బాగుండేదని నా కోరిక.

నరసాపురం–సఖినేటిపల్లి పంటు మీద కారు ఎక్కించిన ప్రతిసారీ నేను చూసేది పక్కన తాళ్లకు వేలాడే పాత టైర్లను. అంత బరువున్న పంటు రేవుకు ఆనుకున్నప్పుడు టైరు నలిగి మళ్లీ ఉబ్బుతుంది, పైన నిలిపిన కారు మాత్రం కదలదు. ఖర్చు దాదాపు లేనిదే. టైరు అడుగున రంధ్రం పెట్టకపోతే నీరు నిలిచి దోమలు చేరతాయి, ఆనిన చోటల్లా నల్లటి చార మిగులుతుంది. మెత్తదనమూ మన్నికా రెండూ ఒకేచోట కావాలంటే నా రెండు కార్లలో ఏదీ ఆ టైరుకు సాటి రాదు. ప్లాస్టిక్ బంపర్ మూలలకు అతికించే రబ్బరు పట్టీలు అదే పని చిన్న ఎత్తున చేస్తాయి. అందం చెడగొడతాయని ఇంట్లో అభ్యంతరం వచ్చినా, నేను నాలుగు మూలలకూ వేయించాను. ఆటోలు ఒరుసుకునే గీతలు అప్పటి నుంచి బాగా తగ్గాయి.