బల్బు హోల్డర్‌కి తగిలించే అడాప్టర్లు: చాలా ఏళ్లు వాడాక మా సమీక్ష

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఇళ్లలో గోడకీ శ్లాబుకీ ఉండేది దాదాపుగా పిన్ హోల్డరే. లెక్కప్రకారం దాని పేరు బీ22, అంటే 22 మి.మీ. వెడల్పు. అలంకారం బల్బులు, వైఫై బల్బులు, బల్బు ఆకారంలో వచ్చే కెమెరాలు మాత్రం ఎక్కువగా తిప్పి బిగించే మరతో వస్తున్నాయి. అది ఈ27, 27 మి.మీ. ఈ రెంటినీ కలపడానికి వాడేది మర అడాప్టర్. దీనితోపాటు బల్బు తీసేసి ఆ చోట ప్లగ్గు పెట్టుకునే ప్లగ్ హోల్డర్, ఒక హోల్డర్‌ని రెండు మూడుగా చీల్చే అడాప్టర్, మనిషి అలికిడికి వెలిగే సెన్సార్ హోల్డర్ కూడా మేం వాడాం, ఇంకా వాడుతున్నాం. విజయవాడ గవర్నరుపేట ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే చవక రకమూ, ఆన్‌లైన్‌లో వచ్చే ఖరీదు రకమూ రెండూ చూశాం. ధరను బట్టి భద్రత పెరుగుతుందనే నమ్మకం మాత్రం మాకు కుదరలేదు.

ముందుగా అంకెల సంగతి. ప్లగ్ హోల్డర్ మీద చాలాసార్లు 6 ఆంపియర్లు, 240 వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది. ఆ 6 దాని ముందున్న రంధ్రాలకి సంబంధించింది. అది కూర్చునే పిన్ హోల్డర్ తాహతు 2 ఆంపియర్లే. హోల్డర్ లోపల చూస్తే ‘2ఎ 250వి’ అని ఉంటుంది. కాబట్టి 230 వోల్టుల దగ్గర లెక్క వేస్తే గరిష్ఠంగా 460 వాట్లు. అదీ హోల్డర్ కొత్తదై, స్ప్రింగులు గట్టిగా ఉంటేనే. పదేళ్లు బల్బు వేడిని తిన్న హోల్డర్ మీద మేం 100 వాట్లు దాటనివ్వం.

ఇక మర అడాప్టర్. అమ్మేవాళ్లు దీని గురించి చెప్పని విషయం ఒకటుంది. పిన్ బల్బుని ఇటు తిప్పి పెట్టినా అటు తిప్పి పెట్టినా వెలుగుతుంది, దానికి తేడా లేదు. మర బల్బుకి తేడా ఉంది. అడుగున నడిమి బొడిపెకి ఫేజు (కరెంటు వచ్చే వైరు), చుట్టూ ఉన్న మరకి న్యూట్రల్ (తిరిగి పోయే వైరు) రావాలి. పిన్ హోల్డర్‌లో అడాప్టర్ రెండు రకాలుగానూ కూర్చుంటుంది కాబట్టి సగం సందర్భాల్లో మర మొత్తానికి ఫేజు వచ్చేస్తుంది. బల్బు మామూలుగానే వెలుగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. స్విచ్ వేసి ఉండగా బల్బు తిప్పేటప్పుడు వేలు ఇత్తడికి తగిలిందంటే షాకే.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. అడాప్టర్ అడుగున రెండు టంకం చుక్కలుంటాయి. అడాప్టర్ చేతిలో ఉండగానే మల్టీమీటర్‌ని బీప్ కొట్టే చోట పెట్టి, ఒక మొనను లోపలి మరకి ఆనించి, రెండో మొనను ఒక్కో చుక్కకి తాకించండి. ఏ చుక్క దగ్గర బీప్ వస్తుందో అది మరకి వెళ్లేది. ఆ వైపు బయట గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టండి. తర్వాత పొడి చెక్క స్టూలు ఎక్కి, కాళ్లకి చెప్పులతో, బల్బు తీసిన హోల్డర్‌లో స్విచ్ వేసి టెస్టర్‌తో రెండు పిన్నులూ చూడండి. వెలిగేది ఫేజు, వెలగనిది న్యూట్రల్. స్విచ్ ఆపి, ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే పడే మెయిన్ బోర్డు స్విచ్) కూడా దించాక, న్యూట్రల్ వైపు హోల్డర్ అంచు మీద అదే రంగు చుక్క పెట్టండి. అడాప్టర్‌ని నొక్కి తిప్పాక రెండు చుక్కలూ ఒకే వైపుకి రావాలి. చివరికి స్విచ్ వేసి లోపల టెస్టర్ పెడితే నడిమి బొడిపె దగ్గర వెలగాలి, మర దగ్గర వెలగకూడదు. మల్టీమీటర్ లేనివాళ్లు ఈ చివరి పరీక్ష ఒక్కటే చేసుకోవచ్చు. మర దగ్గర వెలిగితే స్విచ్చూ ఎంసీబీ రెండూ ఆపి, అడాప్టర్ బయటికి తీసి, సగం తిప్పి మళ్లీ పెట్టడమే. టెస్టర్ పట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి, ఐదు నిమిషాల పని.

ఇదంతా స్విచ్ ఫేజు మీద ఉంటేనే లెక్కకి వస్తుంది. విజయవాడ వన్‌టౌన్‌లో, పాత గుంటూరులో ఎన్నో చేతులు మారిన వైరింగ్ ఉన్న ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద ఉండటం మామూలే. బల్బు తీసేసి, స్విచ్ ఆపి, టెస్టర్ పెట్టండి. ఏ పిన్ను దగ్గర వెలిగినా స్విచ్ తప్పు వైరు మీద ఉన్నట్టే, అడాప్టర్ మాట తర్వాత. స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు రాత్రిపూట మసకగా వెలుగుతుంటే కూడా ఈ అనుమానం పెట్టుకోవచ్చు. ఎర్రలైటు ఉన్న ఇండికేటర్ స్విచ్ వల్ల కూడా అలా వెలగొచ్చు, అలాంటి స్విచ్ ఉంటే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

కొనేటప్పుడు అడాప్టర్‌లో మర బల్బుని పూర్తిగా బిగించి చూడండి. ఇత్తడి మర ఒక్క గీత కూడా బయటికి కనిపించకూడదు. అంచు పొట్టిగా ఉన్నవాటిలో రెండు మూడు చుట్లు బయటే ఉండిపోతాయి. అలాంటిది ఎంత మెరిసినా వద్దు. లోపలి మరకి అయస్కాంతం ఆనిస్తే అతుక్కుంటే అది ఇనుముకి పూత వేసింది. మన కృష్ణ ఒడ్డు చెమ్మకి అది తుప్పు పట్టి, బల్బు ఊడిరాకుండా చేస్తుంది. బల్బు బిగించేటప్పుడు బలం చూపించక్కర్లేదు. నడిమి బొడిపె తగిలాక పావు చుట్టు చాలు. అంతకు మించి బిగిస్తే విప్పేటప్పుడు అడాప్టర్ కూడా తిరిగి, ఆ ఒత్తిడి పాత హోల్డర్ మీద పడి అది పగులుతుంది. ఎంసీబీ దించి, ఒక చేత్తో అడాప్టర్ పట్టుకుని రెండో చేత్తో బల్బు తిప్పడం మంచిది.

ప్లగ్ హోల్డర్ సౌకర్యం గురించి వాదన లేదు. అద్దె పోర్షన్లలో గదికొక్క సాకెట్టే ఉన్నచోట ఇది లేకపోతే రోజు గడవదు. ఫోన్ చార్జర్, దోమల మందు మెషిన్, వైఫై రౌటర్, సంక్రాంతికో దీపావళికో సీరియల్ లైట్లు: వీటికి మేం నిశ్చింతగా వాడుతున్నాం. ఇస్త్రీ పెట్టె, మిక్సీ, హీటర్ రాడ్, కెటిల్ దీని దగ్గరికి రానివ్వకూడదు. ఎందుకంటే 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4.3 ఆంపియర్లు లాగుతుంది, లైట్ల లైనుకి ఉండేది 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. 2 ఆంపియర్ల హోల్డర్ లోపల కాలిపోతున్నా ఆ ఎంసీబీకి తెలియదు, పడదు. ‘ఓవర్‌లోడైతే ఎంసీబీ పడుతుందిలే’ అని చాలామంది అనుకునే ధీమా ఇక్కడ పనికిరాదు.

లోపల జరిగేది ఇది. హోల్డర్‌లోని రెండు చిన్న పిన్నుల వెనక సన్నటి స్ప్రింగులుంటాయి. వేడెక్కిన కొద్దీ వాటి బిగువు పోతుంది. బిగువు పోతే పిన్ను వదులుగా తగిలి సన్నటి నిప్పురవ్వలు లేస్తాయి, ‘చిటచిట’ అని వినిపిస్తుంది. రవ్వలకి ఇంకా వేడి, ఆ వేడికి ఇంకా వదులు. ప్లాస్టిక్ కాలడం మొదలైనప్పుడు ముందుగా పొగ రాదు, ఎండుచేపల్లాంటి నీచు వాసన వస్తుంది. వంటింట్లో చేపలేవీ లేకుండా ఆ వాసన వస్తే మెయిన్ ఆపి హోల్డర్లు, స్విచ్ బోర్డులు వెతకాలి.

దీనికి ఎర్త్ ఉండదు, రెండే రంధ్రాలు. అందుకని రేకు ఒళ్లున్న ఏ వస్తువునీ దీని మీద నడపకూడదు. రోహిణి కార్తెలో గది ఉడికిపోతోందని ఎయిర్ కూలర్‌ని దీనికి తగిలించేవాళ్లున్నారు. వాట్లు చూస్తే తక్కువే, లోడు సరిపోతుంది కూడా. కానీ నీళ్లు, రేకు, ఎర్త్ లేకపోవడం, ఈ మూడూ ఒకచోట చేరితే లోపల ఒక వైరు తోలు ఊడినప్పుడు కరెంటు ఒంటికే వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నుని కోసేసి దూర్చడం ఇంకా అన్యాయం.

వేలాడే వైరు బరువు కూడా తక్కువదేం కాదు. చార్జర్ వైరుని మంచం దాకా లాగితే అడాప్టర్ ఒక పక్కకి ఒరిగి, ఒక పిన్ను మీద ఒత్తిడి పెరిగి రెండోది వదులవుతుంది. వైరుని గోడకి ఒక క్లిప్పుతో పట్టించి, హోల్డర్ దగ్గర కొంత సడలుగా ఉంచితే ఈ గొడవ ఉండదు. పిల్లల చెయ్యి అందే ఎత్తులో ఉన్న హోల్డర్‌కి మాత్రం ప్లగ్ హోల్డర్ అసలు పెట్టొద్దు.

రెండు మూడు బల్బుల చీలిక అడాప్టర్‌కి కరెంటు సమస్య లేదు. మూడు 9 వాట్ల ఎల్‌ఈడీలు కలిసినా 27 వాట్లే. ఇబ్బందంతా బరువుతోనూ వేడితోనూ. వైరుకి వేలాడే పెండెంట్ హోల్డర్‌కి ఇది వద్దు. గోడకి గట్టిగా బిగించిన బాటెన్ హోల్డర్‌కైతే పర్వాలేదు. గాజు డోము లోపల మూడు బల్బులు ఇరికిస్తే వేడి బయటికి పోక ఎల్‌ఈడీ లోపలి కెపాసిటర్ ఎండిపోతుంది. ఏళ్లు రావలసిన బల్బు వేసవి దాటేసరికి మిణుకుమనడం మొదలుపెడుతుంది. పాతకాలం 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు వీటిలో పెట్టనే కూడదు. అడాప్టర్‌కి అడాప్టర్ తగిలించి గొలుసు కట్టడం కూడా మానండి, ప్రతి అతుకూ ఒక వదులుకి చోటు.

సెన్సార్ హోల్డర్ మెట్ల దగ్గర బాగా పనికొచ్చింది. బల్బు కెమెరా బరువు ఎక్కువ, అది ఆడే ప్రతిసారీ హోల్డర్ వదులవుతుంది, మాకు నచ్చలేదు. రెండిటికీ స్విచ్ ఎప్పుడూ వేసే ఉంచాలి కాబట్టి హోల్డర్ కొత్తదై ఉండాలి. వాన జల్లు పడే బాల్కనీలో వద్దు. తొలకరి పడగానే ఉసిళ్లు లైటు చుట్టూ ముసిరి, రెక్కలు హోల్డర్ లోపల పేరుకుంటాయి. ఆ సీజనయ్యాక మెయిన్ ఆపి పొడి బ్రష్‌తో దులపాలి. అప్పుడే పిన్నుల్ని కూడా చూడండి. ఆకుపచ్చ చిలుము కొద్దిగా ఉంటే పొడిగుడ్డతో తుడిస్తే సరి. నల్లగా మాడిన మచ్చ ఉన్నా, గోటితో నొక్కినప్పుడు పిన్ను టక్కున పైకి రాకపోయినా హోల్డర్ మార్చడమే. నూనె, వాజలిన్ రాయకండి.

2024 సెప్టెంబరు బుడమేరు వరద లాంటిదే మళ్లీ వచ్చి కింది సాకెట్లు నీళ్లలో నానితే, పైనున్న హోల్డర్ పొడిగా ఉంది కదా అని దానికి ప్లగ్ పెట్టి ఫోన్ చార్జ్ చేయాలనిపిస్తుంది. ఆ హోల్డర్ స్విచ్ కూడా తడిసిన బోర్డులోనే ఉంటుంది. బోర్డు విప్పి, ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ పైకెత్తకండి.

మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఉంటే పైన చెప్పిన షాకుల్లో ఎక్కువ వాటిని అది ఆపుతుంది. ఎర్త్ వైరు లేని రెండు వైర్ల లైట్ లైను మీద కూడా పనిచేస్తుంది, ఎందుకంటే ఒంటి మీదుగా నేలకి పోయే కరెంటునే అది కనిపెడుతుంది. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఒకేసారి రెండు చేతులూ పడితే మాత్రం అదీ కాపాడదు. దాని మీదున్న టెస్ట్ మీటని అప్పుడప్పుడు నొక్కి పడుతోందో లేదో చూడాలి.

మర బల్బులే శాశ్వతంగా వాడదలుచుకుంటే అడాప్టర్ బదులు ఆ బాటెన్ హోల్డర్‌నే మర హోల్డర్‌గా మార్పించుకోండి. ఫేజు నడిమి స్క్రూకి, న్యూట్రల్ మర స్క్రూకి ఇవ్వమని దగ్గరుండి చెప్పి, టెస్టర్‌తో చూపించమనండి. మా హాల్లో అలాగే చేయించాం, మర అడాప్టర్ ఇప్పుడు ఒక్క వరండాలోనే ఉంది.